మేలో లాప్‌లాండ్ వెళ్తున్నారా? రబ్బరు బూట్లు మర్చిపోకండి

ఫిన్లాండ్ ఉత్తర కొసన ఉన్న లాప్‌లాండ్‌కి ఎప్పుడు వెళ్లాలి అని ఎవర్నడిగినా రెండే జవాబులు వస్తాయి. డిసెంబరు నుంచి మార్చి లోపు వెళ్తే మంచు, శాంటా, రాత్రి ఆకాశంలో అరోరా అనే రంగుల వెలుగులు. జూన్, జూలైల్లో వెళ్తే అర్ధరాత్రి సూర్యుడు. మధ్యలో ఉన్న ఏప్రిల్, మే సంగతి అడిగితే ఫిన్లాండ్‌లోనే పుట్టి పెరిగిన మా ఆఫీసు వాళ్లు కూడా "మేలోనా? ఎందుకు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. నేను ఆ రెండు నెలల్లోనూ వెళ్లొచ్చాను. ఏప్రిల్ మధ్యలో ఒకసారి స్నేహితుల కుటుంబాలతో, ఆ మరుసటి ఏడాది మే మొదటి వారంలో అమ్మానాన్నలతో. దాదాపు అదే దారి, క్యాలెండర్లో మూడు వారాలే తేడా, కానీ రెండుసార్లు చూసింది ఒకే చోటంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు, నా ఏప్రిల్ ఫొటోలు చూసి "ఇది వేరే ఊరు" అంటుంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

మేం ఉండేది ఎస్పోలో, హెల్సింకి పక్కనే. అమ్మానాన్న నంద్యాల నుంచి ఏప్రిల్లో వచ్చారు, అక్కడి ఎండలు తప్పుతాయని మేమే ఆ నెలలో రమ్మన్నాం. "వసంతకాలంలో ఆర్కిటిక్ దాకా తీసుకెళ్తా" అని ఫోన్లో గొప్పగా చెప్పాను. తప్పు నాదే. వసంతం అనగానే అమ్మ మనసులోకి వచ్చేది మామిడి పూత, కోయిల, మల్లెపూలు. ఇక్కడ ఉగాదినాడు మా వాకిట్లో మోకాలెత్తు మంచు ఉంటుంది, వేపపువ్వు ఇండియా నుంచి తెచ్చుకున్న పొట్లంలోంచి తీసి పచ్చడిలో వేసుకుంటాం. ఆ సంగతి చెప్పకుండా వసంతం అన్న ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. లాప్‌లాండ్ ముఖ్య పట్టణం రోవనియెమి స్టేషన్లో దిగిన ఐదో నిమిషంలో నాన్న అడిగాడు: "ఏమ్మా, వసంతం అంటివే, చెట్టుకు ఆకు యాడుందిమ్మా?"

ఆకు లేదు. నల్లటి కొమ్మలు, మురికిపట్టిన మంచు కుప్పలు, వాటి కిందనుంచి కారుతున్న నీళ్లు, రోడ్డంతా చలికాలంలో జారకుండా చల్లిన గులకరాళ్ల పొడి. నిజం చెప్పాలంటే మేలో లాప్‌లాండ్ మొదటి చూపుకి అందంగా ఉండదు. పెళ్లి అయిపోయిన మర్నాడు కల్యాణమండపంలా ఉంటుంది.

ముందు రైలు సంగతి. హెల్సింకి నుంచి రోవనియెమికి రాత్రి రైళ్లున్నాయి, దాదాపు 12 గంటలు. రెండంతస్తుల స్లీపర్ పెట్టెలు. పై అంతస్తు క్యాబిన్లలో టాయిలెట్, షవర్ లోపలే ఉంటాయి, కింద అంతస్తులో ఉండవు, బయటికి రావాలి. పెద్దవాళ్లతో వెళ్తే ఇక్కడే తికమక: మెట్లు ఎక్కడమా, రాత్రి రెండుసార్లు కారిడార్లో నడవడమా? మేం పైవే తీసుకున్నాం, నాన్న మోకాళ్లు కాస్త గొణిగాయి కానీ ఉదయం స్నానం చేసి దిగాడు కాబట్టి ఫిర్యాదు లేదు. పరుపులు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. తిండి మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లండి. మేం పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లాం. సొంత కారుంటే దాన్ని కూడా అదే రైలుకి ఎక్కించొచ్చు, ఈసారి వెళ్తే ఆ పనే చేస్తాను, ఎందుకో తర్వాత చెప్తా. తొందరగా వెళ్లాలంటే ఇంకా ఉత్తరాన ఉన్న ఇవాలోకి విమానం ఉంది, గంటన్నర. కానీ కిటికీలోంచి ఊళ్లు తగ్గుతూ, అడవి పొట్టిదవుతూ, మంచు మళ్లీ మొదలవుతూ ఉండటం చూడాలంటే రైలే.

రోవనియెమిలో చూడాల్సింది నా లెక్కన ఒకటే, ఆర్క్‌టికుం మ్యూజియం. 1992లో కట్టారు. 172 మీటర్ల గాజు కప్పు నడవా ఒకటి ఔనస్‌యోకి నది వైపు చాచిన చెయ్యిలా ఉంటుంది, దాని చివర నిలబడితే ఎదురుగా నది. మేం వెళ్లిన ఏప్రిల్ 30న నది ఇంకా తెల్లగా గట్టిగానే ఉంది, ఒడ్డు పక్కన మాత్రం నీళ్లు నల్లగా కనిపిస్తున్నాయి. లోపల 1944లో జర్మన్ సైన్యం వెనక్కి వెళ్తూ ఈ ఊరిని ఎలా తగలబెట్టిందో నమూనా పెట్టి చూపించారు. ఊరు ఇంత కొత్తగా, డబ్బాల్లాంటి ఇళ్లతో ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. శాంటా విలేజ్ ఊరికి ఎనిమిది కిలోమీటర్లు, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. మేలో వెళ్తే ఒక లాభం, క్యూ లేదు. మా ఐదేళ్లవాడు శాంటాతో తీరిగ్గా మాట్లాడాడు. ఫొటో కావాలంటే వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి, అది ముందే తెలుసుకుని వెళ్లండి. ఆర్కిటిక్ వలయం గీత మీద నిలబడి ఫొటో దిగడం మాత్రం ఉచితం. మంచు లేని శాంటా ఊరు పెద్దవాళ్లకి పెద్దగా ఆనదు. గంట చాలు.

మర్నాడు మే 1, ఇక్కడ వప్పు పండుగ. ముందురోజు సాయంత్రం నుంచే చదువుకున్నవాళ్లంతా, తాతలు అమ్మమ్మలు కూడా, తెల్ల టోపీలు పెట్టుకుని తిరుగుతారు. టిప్పలేయిపా అని ఒకటి తింటారు, చూస్తే అచ్చం మన జంతికలని కుప్పగా వేసి పైన పంచదార పొడి చల్లినట్టు ఉంటుంది. అమ్మ కొరికి చూసి "ఉప్పూ కారం మర్చిపోయినారు" అంది. ముంక్కి అనే డోనట్ మాత్రం ఆమెకి నచ్చింది, ఏలకుల వాసన వస్తుంది కాబట్టి. సరే, అదే రోజు కారు తీసుకుని ఉత్తరానికి బయల్దేరాం.

రోవనియెమి నుంచి మేం వెళ్లాల్సిన ఇనారికి 325 కిలోమీటర్లు, ఒకటే రోడ్డు, తిన్నగా ఉత్తరానికి. బస్సు కూడా ఉంది, ఐదు గంటలు పడుతుంది. నాన్న విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు, దారంతా స్తంభాలు చూసుకుంటూ కూర్చున్నాడు, "ఈ చలిలో లైను ఎవడు మెయింటెయిన్ చేస్తాడమ్మా" అని మూడుసార్లు అడిగాడు. దారిలో సొడాన్‌క్యులా దగ్గర 1689 నాటి చెక్క చర్చి ఉంది, చిన్నది, రంగుల్లేని బూడిద రంగు దుంగలు, బయటనుంచి చూసినా చాలు. అక్కడే కాఫీ తాగి, ఆ తర్వాత రెయిన్‌డీర్ల కోసం కళ్లు పెట్టుకుని కూర్చోవాలి. సరదాకి చెప్పడం లేదు. ఫిన్లాండ్‌లో సుమారు రెండు లక్షల రెయిన్‌డీర్లుంటాయి, ఒక్కటి కూడా అడవిలో అనాథగా తిరిగేది కాదు, ప్రతిదానికీ యజమాని ఉంటాడు, చెవి కోతల గుర్తు ఉంటుంది. వసంతంలో రోడ్డు పక్కన మంచు ముందు కరిగి గడ్డి తేలుతుంది కాబట్టి అన్నీ అక్కడికే చేరతాయి. హారన్ కొట్టినా పక్కకి తప్పుకోవు, మన ఊళ్లో బర్రెల్లాగే కారు ముందే నడుస్తూ వెళ్తాయి. ఒకదానికి తగిలితే 112కి ఫోన్ చేసి చెప్పాలి, వదిలేసి పోకూడదు. మేలో కొమ్ములున్నవి కనిపిస్తే అవి చాలావరకు చూలుతో ఉన్న ఆడవి, మగవాటి కొమ్ములు చలికాలం మొదట్లోనే రాలిపోతాయి. ఈనాక ఆడవాటివీ రాలతాయి. ఇది తెలిశాక అమ్మ ప్రతి కొమ్ముల రెయిన్‌డీర్‌కీ దారి ఇమ్మని మా ఆయన్ని కేకలేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఏప్రిల్ సంగతి చెప్పాలి, లేకపోతే పోలిక అర్థం కాదు.

ఏప్రిల్ మధ్యలో మేం ఇదే దారిలో ఉన్న సారిసెల్క్యా అనే స్కీ ఊళ్లో ఉన్నాం. అప్పుడు నేల మీద మంచు నడుముదాకా ఉంది, కానీ ఎండ! పొద్దున మైనస్ ఎనిమిది, మధ్యాహ్నం ప్లస్ ఐదు. దీన్ని ఫిన్లాండ్ వాళ్లు కెవ్యాత్తల్వి అంటారు, అంటే వసంత-శిశిరం అన్నమాట, రెండూ కలిపి ఒకే మాట. చాలామందికి ఏడాది మొత్తంలో ఇదే ఇష్టమైన కాలం. పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి పైన గట్టి పెచ్చు కడుతుంది, పొద్దున్నే లేస్తే అడవిలో ఎటైనా మంచు మీద నడిచి పోవచ్చు, కాలు దిగబడదు. పది దాటితే దిగబడుతుంది, కాబట్టి పొద్దున్నే లేవాలి. జనం రెయిన్‌డీర్ తోలు పరుచుకుని, గోడకి ఆనుకుని, మొహం సూర్యుడి వైపు పెట్టి కళ్లు మూసుకుని కూర్చుంటారు, గంటలు గంటలు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇనారిలో చలికాలం నెలరోజులకి పైగా సూర్యుడే రాడని గుర్తొచ్చాక నవ్వలేదు. ఉర్హో కెక్కొనెన్ నేషనల్ పార్కు అక్కడే మొదలవుతుంది, ప్రవేశ రుసుం లేదు, దారిలో మూడు వైపుల గోడలున్న చెక్క కొట్టాలు, వాటి ముందు నిప్పు గుంట, పక్కన కొట్టి పేర్చిన కట్టెలు, ఎవరైనా వాడుకోవచ్చు. నేను అక్కడ మొక్కజొన్న కండెలు కాల్చాను. పిల్లలకి జారుడు బండి, కౌనిస్‌ప్యా కొండ మీదనుంచి. ఖర్చు ఎక్కువే, క్యాబిన్‌కి రాత్రికి 190 యూరోలు పడింది, నాలుగు కుటుంబాలు పంచుకున్నాం కాబట్టి సరిపోయింది. చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ లేకుండా ఏప్రిల్లో వెళ్లకండి. మా స్నేహితుడొకాయన "మనం ఆంధ్రా వాళ్లం, మనకేం ఎండ" అని తిరిగి, మంచు మీదనుంచి తిరిగి కొట్టే వెలుగుకి ముక్కు కమిలిపోయి రెండు రోజులు పెరుగు రాసుకున్నాడు.

అదే సారిసెల్క్యాకి మే 1న వెళ్తే ఊరు నిద్రపోతోంది. స్కీ సీజన్ అయిపోతోంది, వేసవి సీజన్ జూన్‌లో గానీ మొదలవదు. సగం హోటళ్ల తలుపులకి కాగితాలు అంటించారు. పోయినసారి మేం సాల్మన్ సూప్ తాగిన చోటికి ఆశగా తీసుకెళ్తే అదీ మూసే ఉంది. అమ్మానాన్న శాకాహారులు, వాళ్లకి పోయిందేం లేదు, నాకే పోయింది. అక్కడ ఆగకుండా ఇవాలోలో సూపర్ మార్కెట్లో కూరగాయలు, పాలు, పెరుగు కొనుక్కుని ఇనారి చేరాం. ఇవాలో దాటాక పెద్ద దుకాణాలు, మందుల షాపులు దొరకడం తగ్గిపోతుంది. బీపీ, షుగర్ మాత్రలు వాడే పెద్దవాళ్లుంటే ఇంటి దగ్గరే లెక్కకి నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకోండి.

ఇనారి మునిసిపాలిటీ విస్తీర్ణం 17 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే మన ఉమ్మడి కర్నూలు జిల్లా ఎంతో అంత. జనాభా ఏడు వేలు. నాన్నకి ఈ లెక్క చెప్పగానే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మన వీధిలో ఉంటారు అంతమంది" అన్నాడు.

మా బస ఇనారి సరస్సు ఒడ్డున ఒక చెక్క ఇల్లు. రాత్రికి 95 యూరోలు, రెండు పడక గదులు, వంటగది, సోనా (ఆవిరి స్నానం గది). బుకింగ్ ఫొటోల్లో నీలం నీళ్లు, పడవ, పచ్చటి బర్చ్ చెట్లు. మేం వెళ్లేసరికి సరస్సు అంతా తెల్లటి మైదానం, పడవ తలకిందులుగా మంచులో సగం మునిగి ఉంది. అది వాళ్ల మోసం అనను, ఈ సరస్సు మీద ఐస్ మే చివర్లోనో జూన్ మొదట్లోనో గానీ పోదు, ఆ మాత్రం నేనే చూసుకోవాలి. కానీ రోడ్డు మీదనుంచి ఇంటిదాకా ఉన్న నాలుగొందల మీటర్ల మట్టి దారి సంగతి మాత్రం ముందు చెప్పాల్సింది. వసంతంలో నేల పైపొర కరుగుతుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు ఇంకడానికి దారి ఉండదు, దాంతో మట్టి రోడ్డు పాయసం అయిపోతుంది. దీనికి ఫిన్నిష్‌లో కెలిరిక్కో అని ప్రత్యేకంగా పేరే ఉంది. మా కారు సరిగ్గా సగం దారిలో దిగబడింది. ఇంటి యజమాని ట్రాక్టరు తెచ్చి లాగాడు, ఒక్క మాట మాట్లాడలేదు, మొహంలో నవ్వు లేదు కోపం లేదు, పని అయ్యాక చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున చూస్తే దారిలో రెండు లారీల గులకరాయి పోసి ఉంది. ఇల్లు లోపల మాత్రం వంక పెట్టడానికి లేదు. వేడి నీళ్లు, నేల కింద వేడి, తడి బూట్లు ఆరబెట్టే అలమర (ఇది మేలో అన్నిటికంటే ముఖ్యమైన సామాను, బుక్ చేసేముందు ఉందో లేదో చూసుకోండి), కిటికీలకి మందపాటి నల్ల తెరలు.

ఆ తెరలు ఎందుకంటే వెలుతురు. మే మొదటి వారంలో ఇనారిలో సూర్యుడు రాత్రి పదిన్నరకి అస్తమించి, తెల్లవారుజామున నాలుగు లోపే ఉదయిస్తాడు. మధ్యలో చీకటి అనేది పడదు, ఒక రకమైన నీలం రంగు, అంతే. మే చివరి వారం నుంచి ఆ అస్తమించడం కూడా ఉండదు. కాబట్టి అరోరా ఆశ పెట్టుకుని మేలో వెళ్లకండి, అది ఏప్రిల్ మధ్యకే అయిపోతుంది, ఆకాశం అంత వెలుగ్గా ఉంటే కనిపించదు. మావాడు రాత్రి తొమ్మిదికి "ఇంకా మధ్యాహ్నమే కదా" అని పడుకోనన్నాడు. అమ్మ తెల్లవారుజామున మూడున్నరకి లేచి స్నానం చేసి దీపం పెట్టేసింది, టైం చూసుకుని మళ్లీ పడుకుంది.

సీడా మ్యూజియం ఒక్కటి చాలు ఇనారికి వెళ్లడానికి. సామి ప్రజల, అంటే ఇక్కడి ఆదివాసుల మ్యూజియం, 2022లో కొత్తగా మార్చి తెరిచారు, 2024లో యూరప్ మ్యూజియం ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది. ఈ మునిసిపాలిటీలో ఫిన్నిష్ కాక మూడు సామి భాషలు అధికార భాషలు, బోర్డులు చదువుతుంటే తమాషాగా ఉంటుంది. బయట ఆరుబయలు ప్రదర్శన ఉంది కానీ మంచు వల్ల మేలో ఆ భాగం లెక్కలోకి రాదు, లోపల మాత్రం మూడు గంటలు తెలియకుండా గడిచిపోయాయి. నాకు అక్కడే ఒక చిక్కుముడి వీడింది. సామి వాళ్లకి ఏడాదికి నాలుగు రుతువులు కాదు, ఎనిమిది. రెయిన్‌డీర్ ఏం చేస్తుందో, ఎటు కదులుతుందో దాన్నిబట్టి కాలాలు. చలికాలానికీ వసంతానికీ మధ్య గిద్దదాల్వి అని ఒకటి, తర్వాత గిద్ద, అసలు వసంతం, తర్వాత వసంత-వేసవి ఒకటి. అంటే నేను ఏప్రిల్లో చూసింది ఒక రుతువు, మేలో చూస్తున్నది ఇంకోటి, రెండింటినీ ఇంగ్లీషు పుస్తకాల్లోలా ఒకే వసంతం అనుకుని పోల్చుకుంటూ మొహం ముడుచుకుంటున్నాను. నాన్నకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "మనకు ఆరు లేవా? వాన పట్టి మనం లెక్క పెట్టుకున్నాం, వీళ్లు జంతువును పట్టి పెట్టుకున్నారు" అన్నాడు. అప్పట్నుంచి ఆకు ఏదని అడగడం మానేశాడు.

గిద్ద అంటే రెయిన్‌డీర్ ఈనే కాలం. ఆ రోజుల్లో మందల దగ్గరికి వెళ్లకూడదు, కుక్కని వదలకూడదు, దూరంగా దూడ కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. పర్యాటకుల కోసం చలికాలంలో నడిపే రెయిన్‌డీర్ బండి సవారీలు మేలో ఉండవు, ఎవరైనా ఉందని చెప్తే ఒకటికి రెండుసార్లు అడగండి.

రెండో రోజు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఇనారి దగ్గర అడవిలో పియెల్పయార్వి అని 1760 నాటి చెక్క చర్చి ఉంది, నడిచే వెళ్లాలి, ఐదు కిలోమీటర్ల లోపు. వేసవిలో ఇది తేలికైన నడక. అమ్మానాన్నని, పిల్లాడిని ఇంట్లో వదిలి నేనూ మా ఆయనా పదకొండింటికి బయల్దేరాం. మొదటి అర కిలోమీటరు బాగానే ఉంది. తర్వాత ప్రతి మూడో అడుగుకి తొడ దాకా మంచులోకి. ఎండకి పెచ్చు మెత్తబడి, కింద నీళ్లు. ఒకసారి బూటు లోపలే ఉండిపోయి కాలు మాత్రం బయటికొచ్చింది. గంటన్నరలో కిలోమీటరు పైచిలుకు వెళ్లి వెనక్కొచ్చాం. ఏప్రిల్లో అయితే స్కీలో, స్నోషూలో వేసుకుని వెళ్లొచ్చు, జూన్ మధ్యలో అయితే మామూలు బూట్లతో. మేలో మాత్రం అడవి నడక పెట్టుకోకండి. చర్చి చూడలేదు, జలుబు వచ్చింది.

దానికి బదులు యూటువా నది ఒడ్డున నడవండి. ఊళ్లోనే ఉంది, నీళ్లు జోరుగా పారే చోట్ల ఐస్ ఉండదు, ఆ నది సరస్సులో కలిసేచోట కరిగిన నీటి చుట్టూ లోకంలోని పక్షులన్నీ చేరతాయి. పెద్ద తెల్ల హంసలు, పసుపు ముక్కు, బూరా ఊదినట్టు అరుపు. ఫిన్లాండ్ జాతీయ పక్షి అది. ఇక్కడి ఒక యూరో నాణెం మీద ఎగిరే రెండు హంసలుంటాయి. మావాడు జేబులోంచి నాణెం తీసి, ఆకాశంలోకి చూసి, మళ్లీ నాణెం చూసి "అవ్వా, ఇవే అవి" అని అరిచాడు. రెండు యూరోల నాణెం మీద హిల్లా పండు ఉంటుంది, నారింజ రంగు, బురద నేలల్లో కాస్తుంది. దాని జామ్‌తో కలిపి ఒక పనీర్ లాంటిది అమ్ముతారు, లేయిపాయూస్తో, పళ్ల కింద కీచుమంటుంది. అమ్మ ఒక ముక్క తిని "ఇది జున్ను కదా" అంది. నేను కాదమ్మా అన్నాను. తర్వాత తెలిసింది, పూర్వం దీన్ని ఈనిన ఆవు తొలి పాలతోనే చేసేవారట. ఇప్పుడు దుకాణాల్లో అమ్మేది మామూలు పాలదే. ఆ రోజు నుంచి నేను ఏం చెప్పినా అమ్మ "జున్ను కాదన్నావు కదా" అంటోంది.

మా పక్కింటి పెద్దాయన పొద్దున్నే చిన్న స్టూలు పట్టుకుని సరస్సు మీదకి వెళ్లి, రంధ్రం తవ్వి, గంటలు కూర్చుని చేపలు పట్టేవాడు. మామూలు గాలంతో ఐస్ మీద చేపలు పట్టడానికి ఇక్కడ సాధారణంగా లైసెన్సు అక్కర్లేదు. మావాడిని రమ్మని సైగ చేశాడు కానీ నేను పంపలేదు. మే ఐస్ నమ్మదగింది కాదు, ఒడ్డు దగ్గర, నది కలిసేచోట ముందే పల్చబడుతుంది, ఎక్కడ నిలబడాలో ఆయనకి యాభై ఏళ్లుగా తెలుసు, మనకి తెలియదు. మే 3న ఉన్నట్టుండి మళ్లీ మంచు పడింది, పొద్దున లేచేసరికి గడప దాకా. దానికీ ఒక పేరుంది, తకతల్వి, వెనక్కి తిరిగొచ్చిన చలికాలం. మధ్యాహ్నానికి కరిగిపోయింది. ఆ రోజంతా సోనా. నాన్న "ఇదేంది, మే నెలలో నంద్యాల బస్టాండు" అని ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు. అమ్మ మాత్రం మోకాళ్ల నొప్పులకి పనిచేస్తోందని రోజూ పోసాగింది.

మే నెలకి ఒక పెద్ద మార్కు వేయాలి: దోమలు లేవు. జూన్ చివర్లో లాప్‌లాండ్ వెళ్లినవాళ్లని అడగండి, మాట్లాడేటప్పుడు కూడా చేతులు ఊపుతూనే ఉంటారు.

బూట్ల సంగతి. మేం తెచ్చుకున్న ఖరీదైన వింటర్ షూస్ రెండో రోజుకే తడిసి ఏడ్చాయి. ఇక్కడివాళ్లంతా మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, లోపల ఉన్ని సాక్సు. మనందరికీ ఫోన్లతో తెలిసిన నోకియా ఒకప్పుడు రబ్బరు బూట్లు చేసేది తెలుసా? ఇవాలోలో ఐదు జతలు కొన్నాం, ముప్ఫై ముప్ఫై యూరోలు, ఆ తర్వాతే ట్రిప్పు బాగుపడింది. ఎస్పోలో ఉన్నప్పుడే కొనుక్కుంటే ఆ మొదటి రెండు రోజులు కూడా మిగిలేవి.

కారు సంగతి చెప్తానన్నాను కదా. రోవనియెమిలో ఒక అద్దె కార్ల వాళ్ల దగ్గర తీసుకున్నాం, పేరెందుకు లెండి. వసంతంలో రోడ్డు మీద ఎండిన గులకరాళ్లు ఎదురొచ్చే లారీల చక్రాల కిందనుంచి తూటాల్లా లేస్తాయి. సొడాన్‌క్యులా దాటాక ఒకటి అద్దానికి తగిలి పావలా బిళ్లంత చుక్క పడింది. తిరిగి ఇచ్చేటప్పుడు 350 యూరోలు కట్ చేశారు, మేం తీసుకున్న ఇన్సూరెన్సులో అద్దం రాదట. చిన్న అక్షరాల్లో ఉంది, చదవకపోవడం మా పొరపాటే, కానీ ఏప్రిల్-మే నెలల్లో ఈ దెబ్బ ఎంత మామూలో వాళ్లకి తెలుసు, కౌంటర్ దగ్గర ఒక్క మాట చెప్పొచ్చు. అద్దానికి విడిగా కవరేజీ అడిగి తీసుకోండి. టైర్లు మాత్రం మేకుల టైర్లే ఇచ్చారు, మే 3 మంచులో అవే కాపాడాయి.

మే 5న మళ్లీ రోవనియెమి. ఊళ్లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో రెండు రాత్రులు, నదికి దగ్గర, అల్పాహారంలో గంజి, బ్రెడ్డు, పళ్లు ఉంటాయి కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. అసలు ఈ రెండు రోజులు ఊరికే మిగిలిపోయాయని పెట్టుకున్నవి. మొత్తం ప్రయాణంలో నాకు గుర్తుండిపోయింది ఇక్కడే జరిగింది.

ఊరు మొత్తం నది కోసం ఎదురుచూస్తోంది. ఐస్ ఎప్పుడు కదులుతుంది అన్నదే కబురు. ఇది సరదా ఒక్కటే కాదు, ఐస్ ముక్కలు ఎక్కడైనా అడ్డంపడి ఆనకట్టలా నిలిస్తే వెనక నీళ్లు ఊళ్లోకి వస్తాయి, వరద భయం ఉంటుంది. పక్కనే పడమటన టోర్నియో నది మీద ఐస్ ఏ రోజు కదిలిందో 1693 నుంచీ ప్రతి ఏడాదీ తేదీలు రాసిపెట్టిన రికార్డు ఉంది. అంటే గోల్కొండ ఔరంగజేబుకి చిక్కిన ఆరేళ్ల నుంచీ అన్నమాట. ఆ తేదీలన్నీ వరసగా చూస్తే ఇప్పుడు ఐస్ పూర్వం కంటే ముందే పోతోందని తెలుస్తుంది. ఈ మాట నాన్నకి చెప్పడం పొరపాటైంది, ఇంక ఆయన నది ఒడ్డు వదల్లేదు. మే 7న మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి నేను వెళ్తే, బెంచీ మీద కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. మొదట ఏం కనిపించలేదు. తెల్లటి పలక మొత్తం, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా, చాలా మెల్లగా, గడియారం ముల్లులా జరిగింది. తర్వాత మధ్యలో చీలిక. తర్వాత చప్పుడు. పెద్ద ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కుతుంటే లోతుగా మూలుగు, ఒడ్డున విరిగి నీళ్లలో పడే సన్న ఐస్ పుల్లలు గలగలమని. అమ్మ వచ్చి విని "గాజుల మలారం దొర్లించినట్టుంది" అంది. రెండు గంటలు అలాగే నిలబడ్డాం, ఊళ్లో వాళ్లు కూడా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. నాన్న జేబు డైరీ తీసి తేదీ, టైం రాసుకున్నాడు, 1 గంట 10 నిమిషాలు. అన్నం చల్లారిపోయింది.

ఇది టికెట్ కొనుక్కుని చూసేది కాదు, ఏ రోజు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు, రోవనియెమిలో ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య దాకా ఎప్పుడైనా కావచ్చు. మాకు అదృష్టం కలిసొచ్చింది. అయినా ఎవరైనా అడిగితే చెప్పేది ఇదే: పిల్లలు ఆడుకోవాలి, స్కీయింగ్ కావాలి, తెరిచిన హోటళ్లు కావాలి అంటే ఏప్రిల్ మొదటి మూడు వారాలు, ఖర్చుకి సిద్ధపడి వెళ్లండి. ఊరికే కూర్చుని ఒక దేశం నిద్ర లేవడం చూడగలిగే ఓపికుంటే మే, సగం ధరకి, సొంత వంటతో. పూలూ ఆకులూ కావాలంటే జూన్ రెండో వారం దాకా ఆగండి, అంతకుముందు ఇనారిలో బర్చ్ చెట్టుకి చిగురు కూడా కనపడదు. నేను మళ్లీ వెళ్తే మేలోనే వెళ్తాను, మా ఆయన మాత్రం ఏప్రిల్ అంటాడు, ఆ అద్దం డబ్బులు ఇంకా మర్చిపోలేదు.

అదే రాత్రి రైలెక్కాం. తెల్లవారుజామున ఐదింటికి టాంపరే దగ్గర మెలకువ వచ్చింది, కిటికీ తెర తీస్తే పొలాలు నల్లగా దున్ని ఉన్నాయి, మంచు చుక్క లేదు, బర్చ్ చెట్ల చుట్టూ లేత ఆకుపచ్చ పొగ పట్టినట్టుంది. దీన్ని ఇక్కడ ఎలుక చెవులు అంటారు, ఆకు సరిగ్గా ఎలుక చెవి అంత ఉన్నప్పుడు. నాన్న పై బెర్తు మీదనుంచే తొంగిచూసి "అదిగో, ఆకు" అన్నాడు. మా ఆయన దిగేలోపే తుమ్మడం మొదలుపెట్టాడు, ఆయనకి బర్చ్ పుప్పొడి పడదు.